హంక్ ఆండర్సన్

హంక్ ఆండర్సన్‌గా ప్రసిద్ధి చెందిన హార్ట్‌లీ విలియం ఆండర్సన్ (సెప్టెంబర్ 22, 1898 - ఏప్రిల్ 24, 1978) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు, శిక్షకుడు. ఇండియానా రాష్ట్రంలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయపు జట్టుకు 1931 నుండి 1933 వరకు ప్రధాన శిక్షకుడుగా వ్యవహరించాడు. ఈయనకు ముందు ఆ పదవిలో ఉండి విమాన ప్రమాదంలో మరణించిన నూట్ రాక్నీకి ఈయన శిష్యుడు, సహాయకుడు, వారసుడు. మూడేళ్ళలో ఈయన జట్టు 27 ఆటలాడి 16 గెలిచి, 9 ఓడి, 2 డ్రా చేసుకొంది. మరొక విద్యాసంస్థలో ఇది మంచి ఫలితమే అయి ఉండేది. కానీ నోటర్ డేమ్ అభిమానుల దృష్టిలో ఇది వైఫల్యం. ఆ వైఫల్యానికి కారణం శిక్షకుడా, విశ్వవిద్యాలయమా, లేక కాలమా అన్న చర్చ ఆయన పదవి వీడిన నాటి నుండి సాగుతూ వచ్చింది.

ఆటను గురించి

మన దేశంలో ఫుట్‌బాల్ అని వ్యవహరించే ఆటకు, అమెరికన్ ఫుట్‌బాల్‌కు పేరులో తప్ప పోలిక తక్కువ. ఇందులో బంతి కోలగా ఉంటుంది. దానిని చేత పట్టుకొని పరుగెత్తవచ్చును, విసరవచ్చును, తన్నవచ్చును. ఇరువైపులా 11 మంది ఆడతారు. బంతిని ప్రత్యర్థి గీత దాటిస్తే టచ్‌డౌన్ అంటారు. దీనికి 6 పాయింట్లు, ఆపై తన్నే అదనపు అవకాశానికి 1 పాయింటు లభిస్తాయి. బంతిని నిలువు స్తంభాల మధ్య నుండి తన్నితే ఫీల్డ్ గోల్, దీనికి 3 పాయింట్లు. ముందుకు సాగలేని జట్టు బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించడాన్ని పంట్ అంటారు. ఆట నాలుగు పాదాలుగా జరుగుతుంది. ముందు వరుసలో నిలిచి ప్రత్యర్థులను ఢీకొనేవారిని లైన్ ఆటగాళ్ళు అంటారు. పత్రికలలో పేరు వచ్చేది సాధారణంగా బంతి పట్టుకొని పరుగెత్తేవారికే. ఆండర్సన్ జీవితమంతా లైనులోనూ, లైన్ ఆటగాళ్ళకు శిక్షణ ఇవ్వడంలోనూ గడిచింది.

1920, 1930 దశకాలలో అమెరికాలో వృత్తి జట్ల కంటే కళాశాల జట్లకే ఆదరణ ఎక్కువ. నోటర్ డేమ్ కాథలిక్ విశ్వవిద్యాలయం. ఐరిష్, ఇటాలియన్, పోలిష్ వలస కుటుంబాలకు చెందిన ఎందరో ఆ విద్యాలయంలో అడుగు పెట్టకపోయినా ఆ జట్టును తమ జట్టుగా భావించేవారు. న్యూయార్క్ వంటి నగరాలలో ఇటువంటి అభిమానులు అధికం. కనుక ఆ జట్టు ఓటమి ఒక కళాశాల ఓటమిగా మిగిలిపోయేది కాదు.

బాల్యము - విద్యాభ్యాసము

ఆండర్సన్ మిషిగన్ రాష్ట్రపు ఉత్తర భాగంలో రాగి గనులకు పేరుపొందిన కాల్యుమెట్ ప్రాంతంలో జన్మించాడు. సమీపంలోని లారియం గ్రామానికి చెందిన జార్జి గిప్ అప్పటికే నోటర్ డేమ్‌లో ప్రఖ్యాత ఆటగాడు. గిప్ ప్రోద్బలంతో ఆ ప్రాంతపు యువకులు కొందరు నోటర్ డేమ్ చేరారు. వారిలో ఆండర్సన్ ఒకడు. గిప్ 1920 డిసెంబర్ 14న, విద్యార్థిగా ఉండగానే, వ్యాధితో మరణించాడు.

1918లో రాక్నీ ప్రధాన శిక్షకుడైన సంవత్సరమే ఆండర్సన్ జట్టులో చేరాడు. లైన్ ఆటగాళ్ళలో ఈయన భారీకాయుడు కాడు. అయితే మొండితనానికి, బలానికి పేరు తెచ్చుకొన్నాడు. గార్డు స్థానంలో 1921 వరకు నాలుగు సంవత్సరాలు ఆడాడు. ఆ నాలుగేళ్ళలో నోటర్ డేమ్ 31 ఆటలు గెలిచి, 2 మాత్రమే ఓడి, 2 డ్రా చేసుకొంది. 1921లో పర్డ్యూ విశ్వవిద్యాలయంతో జరిగిన ఆటలో ప్రత్యర్థి తన్నిన పంట్లు అడ్డగింపబడగా, ఆ బంతులతో ఈయన రెండు టచ్‌డౌన్లు సాధించాడు. గార్డు స్థానంలో ఉన్నవాడు ఒకే ఆటలో రెండు టచ్‌డౌన్లు చేయడం అరుదైన విషయం.

అదే సంవత్సరం చివర ఈయన మరో ఇద్దరు సహవిద్యార్థులతో కలిసి గ్రీన్ బే పాకర్స్ అనే వృత్తి జట్టు తరఫున మారుపేరుతో ఆడాడు. విద్యార్థులను ఆడించినందుకు 1922 జనవరిలో ఆ జట్టు తన అనుమతిని కోల్పోయి, తరువాత తిరిగి పొందింది. పిమ్మట ఆండర్సన్ 1922 నుండి 1925 వరకు షికాగో బేర్స్ వృత్తి జట్టులో ఆడాడు. 1920 దశకపు ఉత్తమ వృత్తి ఆటగాళ్ళ జాబితాలో ఈయనకు స్థానం లభించింది.

రాక్నీ సహాయకుడుగా

వృత్తి జట్టులో ఆడుతున్న కాలం నుండే ఆండర్సన్ రాక్నీకి సహాయ శిక్షకుడుగా లైన్ ఆటగాళ్ళను తీర్చిదిద్దాడు. 1928, 1929లలో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయ జట్టుకు ప్రధాన శిక్షకుడుగా వెళ్ళాడు. అక్కడ చెప్పుకోదగిన ఫలితాలు రాలేదు. 1930లో తిరిగి రాక్నీ వద్దకు చేరాడు.

రాక్నీ ఈ కాలంలో కీర్తి శిఖరాన ఉన్నాడు. 1929లో ఆడిన 9 ఆటలు, 1930లో ఆడిన 10 ఆటలు ఆయన జట్టు గెలిచింది. సుమారు 54 వేల మంది కూర్చొనగల కొత్త క్రీడాంగణం 1930లో ప్రారంభమైంది. మొత్తం 13 సంవత్సరాలలో రాక్నీ జట్లు 105 ఆటలు గెలిచి, 12 ఓడి, 5 డ్రా చేశాయి. ఆయన శిక్షకుడు మాత్రమే కాడు. క్రీడా విభాగానికి సంచాలకుడు కూడా. ఆటల ఏర్పాటు, ఖర్చు, ఆటగాళ్ళ ఎంపిక, పత్రికలవారితో సంబంధాలు అన్నీ ఆయన చేతిమీదుగానే నడిచేవి. 1931 మార్చి 31న ఆయన ప్రయాణిస్తున్న విమానం కాన్సస్ రాష్ట్రంలోని బజార్ అనే ఊరి వద్ద కూలిపోయింది. అప్పటికి ఆయన వయస్సు 43 సంవత్సరాలు.

నియామకము

విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఫాదర్ చార్లెస్ ఓ'డానెల్ తక్షణమే ఏర్పాటు చేయవలసి వచ్చింది. రాక్నీ నిర్వహించిన బాధ్యతలను ముక్కలు చేశారు. రాక్నీకి పూర్వపు శిక్షకుడు, అప్పటికి కాన్సస్‌లో పశువుల క్షేత్రం నడుపుతున్న జెస్ హార్పర్‌ను పిలిపించి క్రీడా సంచాలకుడుగా నియమించారు. ఆండర్సన్‌కు సీనియర్ కోచ్ అనీ, మరొక సహాయకుడు జాక్ షెవిగ్నీకి జూనియర్ కోచ్ అనీ హోదాలు ఇచ్చారు. అంటే ఒక మనిషి స్థానంలో ముగ్గురు వచ్చారు. 1931 ఆటలు ముగిసిన తరువాత షెవిగ్నీ వృత్తి జట్టు శిక్షకుడుగా వెళ్ళిపోయాడు. అప్పటి నుండి శిక్షణ భారమంతా ఆండర్సన్‌పై పడింది.

మూడు సంవత్సరాలు

ఆండర్సన్ కాలపు ఫలితాలు ఈ విధంగా ఉన్నవి.

1931: 6 విజయాలు, 2 పరాజయాలు, 1 డ్రా.
1932: 7 విజయాలు, 2 పరాజయాలు.
1933: 3 విజయాలు, 5 పరాజయాలు, 1 డ్రా.

1931లో మొదటి ఏడు ఆటలలో ఆరు గెలిచారు. నార్త్‌వెస్టర్న్‌తో మాత్రం ఇరుపక్షాలూ పాయింటు సాధించక డ్రా అయింది. దీనితో 1928 చివరి నుండి నోటర్ డేమ్ వరుసగా 26 ఆటలలో ఓటమి ఎరుగనిదైంది. నవంబర్ 21న దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ జట్టు కొత్త క్రీడాంగణానికి వచ్చింది. మూడవ పాదం ముగిసేసరికి నోటర్ డేమ్ 14-0తో ముందున్నది. చివరి పాదంలో ప్రత్యర్థులు రెండు టచ్‌డౌన్లు చేసి, ఆఖరి నిమిషాలలో జానీ బేకర్ తన్నిన ఫీల్డ్ గోల్‌తో 16-14గా గెలిచారు.

ఈ ఆటపై వచ్చిన విమర్శ ఆండర్సన్‌ను వదలలేదు. ఆధిక్యం చూసుకొని ఆయన ప్రధాన ఆటగాళ్ళను తొందరపడి బయటికి పిలిచాడని అభిమానులు ఆరోపించారు. నాటి నిబంధనల ప్రకారం చివరి పాదంలో బయటికి వచ్చిన ఆటగాడు తిరిగి ఆ ఆటలో దిగరాదు. కనుక ఒకసారి చేసిన మార్పును దిద్దుకొనే వీలు శిక్షకుడికి ఉండేది కాదు. మరుసటి వారం న్యూయార్క్‌లో సైనిక విద్యాలయపు జట్టు ఆర్మీ చేతిలో 12-0తో ఓడిపోయారు.

1932లో జట్టు మొత్తం 255 పాయింట్లు చేసి, ప్రత్యర్థులకు 31 మాత్రమే ఇచ్చింది. ఆర్మీపై 21-0తో గెలిచింది. అయితే పిట్స్‌బర్గ్ చేతిలో 12-0, దక్షిణ కాలిఫోర్నియా చేతిలో 13-0తో ఓడింది. మొదటి రెండేళ్ళూ కలిపి 18 ఆటలలో ఓడినవి 4 మాత్రమే. అయినను రాక్నీ చివరి రెండేళ్ళలో ఒక్కటీ ఓడలేదన్నది అభిమానుల లెక్క.

1933 సంవత్సరం ఏ లెక్కకూ అందనిది. కాన్సస్‌తో 0-0 డ్రా అయింది. ఇండియానాపై 12-2తో గెలిచిన తరువాత కార్నెగీ టెక్ (7-0), పిట్స్‌బర్గ్ (14-0), నేవీ (7-0), పర్డ్యూ (19-0) చేతులలో వరుసగా నాలుగు ఆటలు ఓడిపోయారు. ఈ నాలుగింటిలోనూ నోటర్ డేమ్ ఒక్క పాయింటు కూడా చేయలేదు. నార్త్‌వెస్టర్న్‌పై 7-0తో గెలిచి, దక్షిణ కాలిఫోర్నియా చేతిలో 19-0తో ఓడారు. తొమ్మిది ఆటలలో ఆరింటిలో సున్నాయే. ఏడాది మొత్తం మీద చేసినవి 32 పాయింట్లు, ఇచ్చినవి 80. గెలుపుల కంటే ఓటములు ఎక్కువైన సంవత్సరం 1888 తరువాత నోటర్ డేమ్‌కు ఇదే మొదటిది.

చివరి ఆట డిసెంబర్ 2న న్యూయార్క్‌లో ఆర్మీతో జరిగింది. ఆర్మీ అంతవరకు ఒక్క ఆటా ఓడలేదు. నోటర్ డేమ్ వెనుకబడి ఉండగా వేన్ మిల్నర్ ప్రత్యర్థి పంట్‌ను అడ్డుకొని, గీత అవతల బంతిపై పడి టచ్‌డౌన్ సాధించాడు. 13-12తో నోటర్ డేమ్ గెలిచింది. 12 ఏళ్ళ క్రితం ఆండర్సన్‌కు పేరు తెచ్చినదీ ఇటువంటి ఆటే. కానీ ఈ గెలుపు పదవిని నిలబెట్టలేకపోయింది. ఆ నెలలోనే ఆండర్సన్ రాజీనామా చేశాడు. హార్పర్ కూడా తప్పుకొన్నాడు. రాక్నీ శిష్యులలోనే ప్రఖ్యాతుడైన ఎల్మర్ లేడెన్‌కు శిక్షకుడు, క్రీడా సంచాలకుడు అనే రెండు పదవులనూ కలిపి ఇచ్చారు.

వైఫల్యానికి కారణాలపై చర్చ

ఆండర్సన్ వైఫల్యానికి అభిమానులు, చరిత్రకారులు చెప్పే కారణాలను స్థూలంగా నాలుగుగా విభజించవచ్చును.

1. ఆటగాళ్ళ కొరత. ఆర్థిక మాంద్యం తీవ్రంగా ఉన్న కాలమది. కళాశాలలు ఆటలకు ఇస్తున్న ప్రాధాన్యాన్ని విమర్శిస్తూ 1929లో కార్నెగీ సంస్థ నివేదిక వెలువడింది. నోటర్ డేమ్ పాలకులు కూడా తమది ఫుట్‌బాల్ బడి కాదని చూపదలచారు. ఉపాధ్యక్షుడు ఫాదర్ మైకేల్ మల్కేర్ ఆటగాళ్ళకు ఇచ్చే ఉపకార వేతనాలను తగ్గించగా, హార్పర్ ఖర్చులను బిగించాడు. 1976లో వెలువడిన తన జ్ఞాపకాల గ్రంథంలో ఆండర్సన్ ప్రధానంగా ఈ కోతనే తప్పు పట్టాడు.

ఈ వాదనలో బలం ఉన్నది. మొదటి సంవత్సరపు విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడరాదన్నది నాటి నియమం. కాబట్టి ఎంపికలో జరిగిన లోపం వెంటనే కాక ఒకటి రెండేళ్ళ తరువాత బయటపడుతుంది. 1931, 1932లలో చేరినవారు జట్టులో అధికంగా ఉండేది 1933లోనే. అయితే 1933 జట్టులోని చివరి సంవత్సరపు విద్యార్థులు 1930లో, అనగా రాక్నీ కాలంలో చేరినవారే. కనుక ఈ కారణం పతనంలో కొంత భాగాన్ని వివరిస్తుంది గాని మొత్తాన్ని కాదు.

2. అధికార విభజన. రాక్నీ ఒక్కడే చూసుకొన్న పనిని విడదీయడం వల్ల శిక్షకుడికి బాధ్యత మిగిలింది గాని అధికారం మిగలలేదని రెండవ వాదన. విశ్వవిద్యాలయమే 1933 డిసెంబర్‌లో రెండు పదవులనూ తిరిగి ఒకరికే అప్పగించడం ఈ వాదనకు సాక్ష్యంగా చెప్పుకోవచ్చును.

3. ప్రత్యర్థుల బలం. రాక్నీ వద్ద ఆడినవారు దేశమంతటా శిక్షకులయ్యారు. గురువు పద్ధతులన్నీ వారికి తెలుసు. 1933లో 19-0తో గెలిచిన పర్డ్యూకు శిక్షకుడు నోబుల్ కైజర్. నోటర్ డేమ్‌పై తొలిసారి గెలిచిన నేవీకి శిక్షకుడు రిప్ మిల్లర్. వీరిద్దరూ 1924 నాటి నోటర్ డేమ్ విజేత జట్టులో లైన్ ఆటగాళ్ళు. వరుస ఓటములు నాలుగింటిలో రెండు ఈ విధంగా రాక్నీ పాఠాలతోనే వచ్చాయి. రాక్నీ ప్రతి ఏడూ తన పాఠానికి కొత్తది చేర్చేవాడు. ఆండర్సన్ ఉన్న పాఠాన్నే చెప్పాడని విమర్శకుల మాట.

4. శిక్షకుడి స్వభావం. రాక్నీ మాటకారి. ఆటగాడి మనసు తెలిసి ఒకనికి మందలింపు, మరొకనికి మెచ్చుకోలు ఇచ్చేవాడు. ఆండర్సన్ పరుషభాషి అని, కఠినుడని పేరు. లైన్ ఆటగాళ్ళకు ఆ కాఠిన్యం పనికివచ్చింది. రాక్నీ పక్కన ఉన్నంతకాలం ఒకరి లోపాన్ని ఒకరు పూరించారు. ఒంటరిగా నిలిచినప్పుడు ఆ లోపం బయటపడింది. పాయింట్లు చేయవలసిన వెనుక వరుస ఆటగాళ్ళ విషయంలో ఆయన పట్టు అంతగా కనబడలేదు. ఆరు సున్నాలు దీనికి నిదర్శనమని ఈ వాదులు చెబుతారు.

తరువాతి జీవితము

1934 నుండి 1936 వరకు ఆండర్సన్ నార్త్ కరోలినా స్టేట్ కళాశాల జట్టుకు శిక్షకుడుగా ఉన్నాడు. అక్కడ 11 విజయాలు, 17 పరాజయాలు, 1 డ్రా. ఆపై కొన్నిచోట్ల సహాయకుడుగా పనిచేసి, 1940లో తాను ఒకప్పుడు ఆడిన షికాగో బేర్స్‌కు లైన్ కోచ్‌గా చేరాడు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో ఆటల మధ్యలో బేర్స్ యజమాని, శిక్షకుడు జార్జి హాలస్ నౌకాదళంలో చేరాడు. జట్టును ఆండర్సన్‌కు, ల్యూక్ జాన్సోస్‌కు ఉమ్మడిగా అప్పగించాడు. ఆండర్సన్ లైనును, జాన్సోస్ బంతి విసిరే పద్ధతులను చూసుకొన్నారు. ఆ సంవత్సరం మిగిలిన 6 ఆటలూ గెలిచి, తుది పోటీలో వాషింగ్టన్ చేతిలో 14-6తో ఓడారు. 1943 డిసెంబర్ 26న షికాగోలో జరిగిన తుది పోటీలో అదే వాషింగ్టన్‌ను 41-21తో ఓడించి జాతీయ వృత్తి విజేతలయ్యారు. సిడ్ లక్‌మన్ ఆ ఆటలో ఐదు టచ్‌డౌన్లకు బంతిని విసిరాడు. 1945లో మాత్రం జట్టు 3 ఆటలు గెలిచి 7 ఓడింది. హాలస్ తిరిగి వచ్చిన తరువాత కూడా ఆండర్సన్ లైన్ కోచ్‌గా కొనసాగాడు. రక్షణ వరుస వెనుకనున్న ఆటగాళ్ళను హఠాత్తుగా బంతి విసిరేవానిపైకి దూకించే ఎత్తుగడను రూపొందించినవారిలో ఈయనను ఒకనిగా పేర్కొంటారు.

1974లో ఆటగాడిగా కళాశాల ఫుట్‌బాల్ ప్రముఖుల సదనంలో ఈయనకు స్థానం లభించింది. 1978 ఏప్రిల్ 24న ఫ్లోరిడాలోని వెస్ట్ పామ్ బీచ్‌లో, తన 79వ ఏట మరణించాడు.

మూల్యాంకనము

1943 నాటి విజయాన్ని ఆండర్సన్ పక్షం వహించేవారు ప్రధాన సాక్ష్యంగా చూపుతారు. చేతకాని శిక్షకుడు దేశ విజేత జట్టును నడపలేడు కదా అన్నది వారి వాదం. కానీ ఆ జట్టు హాలస్ నిర్మించినది. పక్కన జాన్సోస్ ఉన్నాడు. మరోవైపు సెయింట్ లూయిస్, నోటర్ డేమ్ చివరి ఏడు, నార్త్ కరోలినా స్టేట్ అనే మూడు అనుభవాలూ ఒకే విషయం చెబుతున్నవి. పక్కన సమర్థుడైన మరొకరు ఉన్నప్పుడు ఆండర్సన్ అసమానుడు. మొత్తం జట్టును ఒంటరిగా మోయవలసి వచ్చినప్పుడు సామాన్యుడు.

అయితే ఈ సంగతి 1931 ఏప్రిల్‌లో తెలుసుకోలేనిది కాదు. విశ్వవిద్యాలయం వెతికింది రాక్నీ స్థానంలో కూర్చొనే మనిషిని. రాక్నీ చేతిలో ఉన్న డబ్బును, అధికారాన్ని, ఆటగాళ్ళను మాత్రం ఆ మనిషికి ఇవ్వలేదు. రాక్నీ ఫలితాలను మాత్రం కోరింది. మొదటి రెండు సంవత్సరాల ఫలితాలను వైఫల్యమనడం అభిమానుల దుఃఖం నుండి పుట్టిన కొలత. మూడవ సంవత్సరపు వైఫల్యం నిజమైనది. దానిలో శిక్షకుడికీ పాలకులకూ వాటా ఉన్నది.

లేడెన్ ఏడేళ్ళు పదవిలో ఉండి 47 ఆటలు గెలిచి, 13 ఓడి, 3 డ్రా చేశాడు. ఆయన మొదటి ఆటలోనే, 1934లో, టెక్సస్ విశ్వవిద్యాలయం చేతిలో నోటర్ డేమ్ 7-6తో ఓడిపోయింది. ఆ టెక్సస్ జట్టుకు శిక్షకుడు ఒకనాడు ఆండర్సన్‌తో పాటు నియమింపబడిన జాక్ షెవిగ్నీ. లేడెన్‌ను కూడా అభిమానులు రాక్నీతోనే పోల్చారు. ఆ పోలికకు మొదట గురైనవాడు హంక్ ఆండర్సన్.